దురద - గోకుట - మెదడు

గ్రామ పంచాయతీ సమావేశములలో మురుగుకాలువలు, వీధిదీపములు, మంచినీటి కుళాయిలు చర్చకు వచ్చును గాని, దురద చర్చకు వచ్చిన సందర్భము అరుదు. జ్వరము వచ్చినవానిపై లోకము జాలి చూపును. దురద వచ్చినవానిని చూచి నవ్వును, లేదా నాలుగడుగులు ఎడముగా నిలుచును. కాని రాత్రి నిద్ర లేక, పగలు బడిలో పాఠము తలకెక్కక, చర్మము చీరుకొనిపోయి చీముపట్టిన పిల్లవాని తల్లి నడిగినచో దురద ఎంతటి బాధయో తెలియును. ఆ పిల్లవానికి వైద్యము చేయించుటయా, బడి మాన్పించుటయా, వాని ఇంటివారిని వెలివేసినట్లు చూచుటయా అను ప్రశ్న వచ్చినపుడు గ్రామము చాలవరకు పెద్దల మాటనే వినును. అందుచేత ఈ దురద యనునది ఎచ్చట పుట్టి, ఏ దారిన పోయి, మన చేతిని ఎట్లు కదలించునో పంచాయతీ సభ్యులు కొంత వివరముగా తెలిసికొనుట అవసరము.

తెలుగువారు దురదను బాగుగా గమనించినవారు. అదుపు లేక మాటలాడువానికి 'నోటిదూల' అందురు. పని లేకున్నను ఏదో ఒక వస్తువును ముట్టి పాడుచేయువానికి 'చేతిదురద' అందురు. వానికి తగిన శాస్తి జరిగినపుడు 'దూల తీరినది' అందురు. ఈ మాటలన్నింటిలో నున్న భావ మొక్కటియే: దురద యనగా ఊరకుండనీయని ఒక ప్రేరణ. 1660లో జర్మనీ వైద్యుడు సామ్యూల్ హాఫెన్‌రెఫర్ చేసిన నిర్వచనమును ఇంచుమించు ఇదియే. గోకుకొనవలెనను కోరికను పుట్టించు అప్రియమైన అనుభూతియే దురద యని అతడు చెప్పెను. నేటి వైద్యగ్రంథములును ఆ మాటనే చెప్పుచున్నవి. నొప్పి కలిగినచోటి నుండి మనము చేతిని వెనుకకు లాగుకొందుము. దురద కలిగినచోటికి చేయి తనంతట తానే పోవును. చర్మముపై ప్రాకు పురుగును, గ్రుచ్చుకొన్న నూగును తొలగించుటకు ప్రకృతి చేసిన ఏర్పాటిది.

దూలగొండి నేర్పిన పాఠము

ఉదయగిరి, ఆత్మకూరు, అనుమసముద్రంపేట ప్రాంతములవారికి దూలగొండిని పరిచయము చేయనక్కర లేదు. కంచెలపైనను, కొండ అంచుల పొదలపైనను అల్లుకొను ఈ తీగకు వంకరగా నుండు కాయలు కాయును. ఆ కాయలపై పట్టువలె మెరయు సన్నని నూగు ఉండును. చూపునకు అందము, తాకినవారికి నరకము. పశువులకాపరులును, కట్టెలకు పోవు స్త్రీలును దీని బారిన పడుచునే యుందురు. బడిపిల్లలు తోటివారి చొక్కాలో ఈ నూగు వేసి తగవులు తెచ్చుటయు కలదు.

ఈ నూగు ప్రపంచమందలి శాస్త్రజ్ఞులకు గొప్ప ఉపకరణమైనది. వెనుకటి కాలమున దురద యనగా చర్మములో ఊరు హిస్టమిన్ అను రసాయనము పనియే యని తలచెడివారు. దద్దుర్లకు మనకు ఇచ్చు మాత్రలు ఆ హిస్టమిన్‌ను అడ్డగించునట్టివే. కాని దూలగొండి దురదకు ఆ మాత్రలు అంతగా పనిచేయవు. 1955లో అమెరికాలో ఈ నూగులో మ్యూకునేన్ అను ఒక పదార్థమున్నదని కనుగొనిరి. అది ఎట్లు పనిచేయునో 2008లో తేటపడినది. మాంసకృత్తులను కత్తిరించు గుణము దానికి గలదు. చర్మములోని నరముల కొసలపై నుండు కొన్ని గ్రాహకములను అది మేలుకొలుపును. బోస్టన్ నగరములోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి నుండి వెలువడిన ఆ పరిశోధనావ్యాసమునకు మొదటి రచయిత పేరు వేమూరి బి. రెడ్డి. ఆ పేరు మన చెవులకు కొత్తది కాదు.

దీనివలన తెలిసిన దేమనగా, దురదలన్నియు ఒక్క జాతివి కావు. ఒకరికి గుణమిచ్చిన మాత్ర వేరొకరికి గుణమీయకుండుట వింత కాదు. 'నాకు పనిచేసినది, నీకేల పనిచేయదు? నీ దురద వట్టిది' అనువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

ఇక నూగు గ్రుచ్చుకొన్నపుడు చేయవలసిన దేమి? రుద్దరాదు. రుద్దినకొలది అది లోనికి దిగును, చేతులకు అంటి ఇతర భాగములకు ప్రాకును. అంటుకొను టేపును ఆ చోట అద్ది పైకి లాగినచో నూగు చాలవరకు దానితో వచ్చును. తరువాత సబ్బుతో కడుగవలెను. ఆ చేతులతో కన్నులు తాకరాదు. ధరించిన బట్టలు వేరుగా ఉతుకవలెను.

చర్మము నుండి మెదడు వరకు

చర్మములో మేలుకొన్న ఆ నరపు కొసల నుండి సమాచారము సన్నని నరముల వెంట ముందుగా వెన్నుపామును చేరును. ఈ నరములు చాల మందగమనము గలవి. తాకిడిని మోయు నరములు సెకనుకు కొన్ని పదుల మీటర్ల వేగముతో పోవును; దురదను మోయునవి చాలవరకు సెకనుకు ఒక మీటరు, అంతకంటె తక్కువ. కాలిపై చీమ ప్రాకిన స్పర్శ వెంటనే తెలిసి, అది కుట్టినచోట దురద తరువాత మెల్లగా తెలియుటకు ఇదియు ఒక కారణము. వెన్నుపాములో ఈ సమాచారము మరియొక నరమునకు అందింపబడి, మెదడు నడుమనుండు థాలమస్ అను కూడలి మీదుగా మెదడు పైపొరకు పోవును.

ఈ పైపొరనే వైద్యులు కార్టెక్స్ అందురు. చెట్టుకు బెరడు వలె ఇది మెదడును కప్పియుండును గనుక మెదడు బెరడు అనవచ్చును. దీని మందము రెండు మొదలు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే. కాని చెట్టు బెరడు వలె ఇది కేవలము రక్షణపొర కాదు. మనము తెలిసికొనుట, తలచుట, నిర్ణయించుట జరుగునది ఇందులోనే. 1994లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు మనుష్యుల చేతికి దురద కలిగించి, అదే సమయమున మెదడులో రక్తప్రసారమును కొలిచి చూచిరి. అప్పుడు తెలిసినదేమనగా, దురదకు మెదడులో ఒక్క గది లేదు. అనేక భాగములు కలిసి పనిచేయును. దురద శరీరములో ఎచ్చటనో గుర్తించు భాగ మొకటి. అది ఎంత అసహ్యముగా నున్నదో నిర్ణయించు భాగములు ఇన్సులా, సింగులేట్ అనునవి. చేతి కదలికలకు పథకము వేయు భాగము కూడ అప్పుడే మేలుకొనును. అనగా మనము గోకుకొనక మునుపే, గోకుకొనవలెనను ఏర్పాటు మెదడు బెరడులో ఆరంభమగుచున్నదన్నమాట. 2012లో అమెరికాలోని మరియొక బృందము హిస్టమిన్ దురదను, దూలగొండి దురదను మెదడు చిత్రములలో పోల్చి చూచినది. దూలగొండికి ఇన్సులాయు, మెదడు లోపలి మరికొన్ని భాగములును ఎక్కువ విస్తారముగా స్పందించెను.

మెదడు బెరడు సమాచారమును స్వీకరించి ఊరకుండదు. ఆజ్ఞలు క్రిందికి పంపును. 2018లో చైనా శాస్త్రజ్ఞులు ఎలుకలలో సింగులేట్ భాగము నుండి లోపలికి పోవు ఒక మార్గమును అణచి చూడగా, హిస్టమిన్ వలన కలుగు గోకుడు తగ్గినది. మరియొక రకపు మందుతో పుట్టించిన దురదకు మాత్రము తగ్గలేదు. ఎలుకకును మనిషికిని భేదము కలదు గనుక దీనిని యథాతథముగా మనకు అన్వయించరాదు. అయినను దురదను పెంచుటకు, తగ్గించుటకు మెదడునకు శక్తి కలదను సంగతి మన నిత్యానుభవమునకు సరిపోవుచున్నది. తిరునాళ్లలో తోలుబొమ్మలాట చూచుచు మైమరచిన పిల్లవాడు గోకుకొనడు. ఇంటికి వచ్చి చీకటిలో పండుకొనగనే గోకుట ఆరంభించును. పగలు మనస్సునకు వేరు పనులు కలవు. రాత్రి దురద యొక్కటే పని. ప్రక్కలోని వేడి దానికి తోడగును.

గోకిన ఎందుకు హాయి?

గోటితో గీరినపుడు కొద్దిపాటి నొప్పి కలుగును. నొప్పి దురదను అణచును. 2009లో అమెరికాలో కోతులపై చేసిన పరిశోధనలో, దురద సమాచారమును పైకి పంపు వెన్నుపాము కణములు గోకగనే మందగించుట కనుగొనిరి. వీపు అందనపుడు గరిటెకాడతో గీరుకొనని వారు మనలో ఎవరు? చెక్క గరిటెలకు పేరుపొందిన ఉదయగిరిలో ఈ ఉపయోగమును అమ్మకపువారు చెప్పరు గాని కొన్నవారికి తెలియును.

అయితే హాయి వెన్నుపాముతో ఆగదు. 2013లో ప్రకటితమైన ఒక అధ్యయనములో దూలగొండి నూగుతోనే దురద పుట్టించి, మనుష్యులు తమ్ము తాము గోకుకొనునపుడు మెదడును పరిశీలించిరి. ఆకలిగొన్నవాడు అన్నము తినునపుడు సంతృప్తి కలిగించు భాగములు అప్పుడు చురుకైనవి. అసహ్యమును తెలుపు బెరడు భాగములు శాంతించినవి. ఇతరులు గోకినప్పటికంటె స్వయముగా గోకుకొన్నపుడు ఉపశమన మెక్కువగా నుండెను. సంతృప్తి కలిగించు ఆ మార్గములలో ముఖ్యమైన రసాయనము డోపమిన్. ఆ డోపమిన్ శరీరములో తయారగుటకు మూలపదార్థమైన ఎల్-డోపాను దూలగొండి గింజల నుండి మద్రాసు విశ్వవిద్యాలయమునందు దామోదరన్, రామస్వామి యనువారు 1937లో వేరుచేసిరి. వణుకుడు వాతమునకు నేడిచ్చు ముఖ్యమైన మందు అదియే. ఒకే కాయ, పైన దురద, లోపల మందు! అయినను గింజలను ఇంటిలో దంచి వాడుట ప్రమాదకరమని హెచ్చరించుట నా విధి.

గోకుట అలవాటై వ్యసనమువలె మారుటకు కారణము ఈ హాయియే. గోళ్లు చర్మమును చీల్చును, చీలిన చర్మము వాచి మరింత దురద పుట్టించును, మరల గోకుదురు. ఇంతేగాక, గోకుట వలని నొప్పిని తగ్గించుటకు మెదడు విడుదల చేయు సెరటోనిన్ వెన్నుపాములో దురదను మరల రేపునని 2014లో ఎలుకలపై చేసిన పరిశోధన వలన తెలియవచ్చినది. 'గోకవద్దు' అని పిల్లవాని చేతిపై కొట్టిన తల్లి గ్రహించవలసినదేమనగా, వాడు మొండితనముచేత గోకుట లేదు.

ఒకరిని చూచి ఒకరు

ఈ వ్యాసము చదువుచుండగా మీలో కొందరి చేయి మెడవద్దకో, మోచేతి వద్దకో ఇప్పటికే పోయియుండును. సమావేశములో ఒకరు దీనిని బిగ్గరగా చదివి, మిగిలినవారి చేతులను గమనించి చూడవచ్చును. జర్మనీలో వైద్యులు ఈ పని శాస్త్రీయముగానే చేసిరి. దురదను గూర్చి బహిరంగోపన్యాస మేర్పాటు చేసి, మొదటి భాగములో నల్లులు, గజ్జిపురుగులు, గోకుకొనినచారలు గల బొమ్మలను, రెండవ భాగములో పసిపిల్లల మెత్తని చర్మము మున్నగు బొమ్మలను చూపిరి. మొదటి భాగములో శ్రోతల గోకుడు ఎక్కువైనట్లు 2000లో ప్రకటించిరి. 2012లో ఇంగ్లండులో చేసిన ప్రయోగములో, ఇతరులు గోకుకొనుచున్న చలనచిత్రములు చూచినవారిలో ముగ్గురికి ఇద్దరు తామును గోకుకొనిరి. మెదడులో నిజమైన దురదకు మేలుకొను భాగములే అప్పుడును మేలుకొనెను. జాలిగుణము గలవారికి ఇది ఎక్కువ యనుకొందుము గాని అట్లు కనబడలేదు; చీటికిమాటికి కలతపడు స్వభావము గలవారికి ఎక్కువగా కనబడినది.

బడిలోనో వసతిగృహములోనో ఒక్కసారిగా పదిమంది పిల్లలు గోకుకొన మొదలిడినచో పంచాయతీవారు ఈ సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. విషప్రయోగమని, గాలి సోకినదని కేకలు వేసినచో పదిమంది ముప్పదిమంది అగుదురు. అట్లని అంతయు భ్రమ యని త్రోసివేయుటయు తగదు. మొదట గోకుకొన్న బిడ్డకు నిజముగా గజ్జియో, గొంగళిపురుగు నూగో, దూలగొండియో తగిలియుండవచ్చును. పిల్లలను చిన్న గుంపులుగా వేరుచేసి, నెమ్మదిగా మాటలాడి, ఆరోగ్య కార్యకర్తచే ఒక్కొక్కరి చర్మమును చూపించవలెను. చర్మముపై గుర్తులు లేనివారు కొంతసేపటికి తామే శాంతింతురు.

చర్మమే లేనిచోట కూడ దురద కలుగవచ్చునను మాట నమ్మశక్యముగా నుండదు. కాని చేయి కోల్పోయినవారికి ఆ లేని చేతిలో దురద పుట్టుట వైద్యులెరిగినదే. తమిళనాడులో జన్మించి అమెరికాలో పనిచేసిన వి. ఎస్. రామచంద్రన్ 1990ల దశకమున ఇట్టివారిని పరీక్షించి, కొందరికి ముఖమును తాకినపుడు లేని చేతిని తాకినట్లు తోచుచున్నదని చూపెను. మెదడు బెరడులో చేతి భాగమును, ముఖభాగమును ఇరుగుపొరుగున నుండుటయే దీనికి కారణమని అతని వివరణ.

అట్లయిన దురద మనస్సులోనిదేనా?

ఇచ్చటనే జాగ్రత్త వహింపవలెను. మెదడు దురదను నడుపునను మాటకు, దురద కల్పిత మను మాటకు చాల దూరము కలదు. మన గ్రామములలో రాత్రిపూట ఎక్కువగు దురద, ఇంటిలో ఒకరికంటె ఎక్కువమందికి, వ్రేళ్ల సందులలో, మణికట్టుపై, నడుమున కనబడినచో మొట్టమొదట అనుమానింపవలసినది గజ్జిని. దీనికి కారణమైన సూక్ష్మమగు పురుగును 1687లోనే ఇటలీ దేశస్థులు బొనోమో, చెస్తోని వర్ణించిరి. సాధారణముగా ఒక రోగి శరీరముపై పది పదునైదు పురుగులే యుండును. అయినను ఒళ్లంతయు దురద పుట్టును. ఏలననగా ఆ పురుగునకు, దాని గ్రుడ్లకు, మలమునకు శరీరము ఎదురుతిరుగుటయే ఆ దురద. మొదటిసారి సోకినవారికి దురద నాలుగు మొదలు ఆరు వారముల వరకు తెలియకపోవచ్చును. ఆలోపల వారు ఇతరులకు అంటించుచునే యుందురు. గోకినచోట చీముపట్టినచో కొందరికి మూత్రపిండములు కూడ దెబ్బతినును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యమునకు గురియైన వ్యాధుల జాబితాలో చేర్చుటకు ఇట్టి కారణములే కలవు.

అనుమసముద్రంపేటలోని ఖాజా నాయబ్ రసూల్ దర్గాకు మతభేదము లేక దూరప్రాంతముల నుండి జనులు వత్తురు. కొందరు కొన్ని దినములు అచ్చటనే నిద్రచేయుదురు. యాత్రికులు గుమిగూడు ఏ ఊరిలోనైనను చాపలు, దుప్పట్లు, పడకలు చేతులు మారును. గజ్జి ముఖ్యముగా శరీరము శరీరమునకు తగులుటవలన వ్యాపించును గాని, పురుగు బట్టలలో రెండు మూడు దినములు బ్రతికియుండగలదు. బసలు నడుపువారు దుప్పట్లను వేడినీట ఉతికి ఎండవేయునట్లును, ఉతుకుటకు వీలులేనివానిని మూటగట్టి వారము దినములు విడిగా నుంచునట్లును పంచాయతీ చూడవలెను.

ఇట్టి యాత్రాస్థలములకు మనోవ్యాధిగ్రస్తులను తీసికొనివచ్చువారును కలరు. వారిలో అరుదుగా, చర్మములో పురుగులు ప్రాకుచున్నవని దృఢముగా నమ్మి, గోళ్లతో, సూదులతో చర్మమును త్రవ్వుకొనువారు కనబడవచ్చును. పురుగులుండవు, బాధ మాత్రము నిజము. వారితో వాదించి గెలుచుట అసాధ్యము, హేళన చేయుట అమానుషము. ప్రార్థన వారి ఇష్టము. దానితోపాటు వైద్యునికి చూపుట కుటుంబము బాధ్యత. మానసిక ఆరోగ్య సలహాకు 2022లో ప్రారంభమైన టెలిమానస్ సేవ 14416 సంఖ్యపై ఉచితముగా లభించును.

చర్మముపై ఏ గుర్తును లేక నెలల తరబడి దురద యున్న పెద్దవారి విషయము వేరు. మూత్రపిండముల వ్యాధి, కామెర్లు, మధుమేహము, థైరాయిడ్ దోషము మున్నగునవి దురదగా బయటపడవచ్చును. ముసలితనమున చర్మము పొడిబారుటయు కారణము కావచ్చును. రక్తపరీక్ష చేయించక 'వయసు మీద పడినది' అని ఊరుకొనుట మంచిది కాదు.

దుకాణములో అడిగి తెచ్చుకొను గొట్టపు మందులను గూర్చి ఒక మాట. తామరపై స్టెరాయిడ్ కలిసిన పూతమందు వ్రాసినచో దురద రెండు దినములలో తగ్గును. తామర మాత్రము లోలోపల విస్తరించి, మొండిదై, ఇంటిల్లిపాదికి సోకును. 2018లో కేంద్రప్రభుత్వము ఇట్టి స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేక అమ్మరాదను పట్టికలో చేర్చినది. గ్రామములోని దుకాణదారునకు ఈ సంగతి తెలియజేయుట సభ్యులకు కష్టము కాదు.

చేతిని ఆపుటకు కూడ ఒక శిక్షణ కలదు. అమెరికాలో 1970లలో అలవాట్లు మాన్పించుటకు రూపొందిన పద్ధతిని 1980లలో స్వీడన్ వైద్యులు దీర్ఘకాలపు చర్మరోగులకు మందుతోపాటు వాడిరి. గోకవలెననిపించినపుడు పిడికిలి బిగించి అరనిమిషము పట్టియుంచవలెను. తరువాత ఆ చోటును గీరక, అరచేతితో అదిమి పట్టవలెను. మెదడు వేసిన పథకమునకు వేరొక పథకము నిచ్చుటయే ఇందలి కిటుకు. పిల్లలు దీనిని ఆటవలె నేర్చుకొందురు. చల్లని తడిబట్ట అద్దుట, గోళ్లు పొట్టిగా కత్తిరించుట, స్నానము తరువాత కొబ్బరినూనె వ్రాయుట ఖర్చులేని పనులు.

దురద లేకపోవుటయు ఒక్కొక్కచోట అపాయసూచకమే. ఒంటిపై పాలిపోయిన మచ్చ కనబడి, అచ్చట దురదయు నొప్పియు స్పర్శయు లేకున్నచో అది కుష్ఠు కావచ్చును. బాధ లేదు గనుక రోగి దానిని లెక్కచేయడు. అట్టివానిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపవలెను; మందు ఉచితము, తొలిదశలో వాడినచో అంగవైకల్యము రాకుండ నయమగును.

గజ్జి వైద్యమునకు ఇంటిలోని వారందరును, దురద లేనివారితో సహా, ఒకే రాత్రి మందు పూసికొనవలెను. పెర్మెత్రిన్ పూతమందును మెడ నుండి పాదముల వరకు, గోళ్ల క్రిందను వదలక పూసి, రాత్రియంతయు ఉంచి ఉదయము స్నానము చేయుదురు. వైద్యుడు చెప్పిన ప్రకారము వారము దినములకు మరల ఒకసారి పూయుదురు. పసిపిల్లలకు, గర్భిణులకు ముందుగా వైద్యుని అడుగవలెను. పురుగులు చచ్చిన తరువాత కూడ రెండు మొదలు నాలుగు వారముల వరకు దురద మిగిలియుండును. చచ్చిన పురుగుల అవశేషములు చర్మములో నుండుటచేతను, మేలుకొన్న నరములు వెంటనే శాంతింపకపోవుటచేతను ఇట్లు జరుగును. ఇది తెలియక చాలమంది మందు పనిచేయలేదని తలచి దినదినమును దానినే పూసి చర్మమును మంట పెట్టుకొందురు, లేదా వేరొక దుకాణమునకు పోవుదురు. మొదటి పూత, రెండవ పూత వేసిన తేదీలను ఆశా కార్యకర్త పుస్తకములో వ్రాయించి, నాలుగు వారములు గడచినను దురద తగ్గకున్నచో, లేక క్రొత్త పొక్కులు లేచినచో, అప్పుడు ఆ కుటుంబమును మరల వైద్యుని వద్దకు పంపవలెను.